గంగాళం తాగిన వేడి

మా అవ్వ నీళ్ళలో చెయ్యి పెట్టి చూసే మనిషి కాదు. ఆ మాటకొస్తే మా ఊళ్ళో ఎవరూ అలా చూడరు. సోమందేపల్లె దగ్గర హైవే దిగి మూడు మైళ్ళు లోపలికి నడిస్తే మా ఊరు. ట్యాంకరు నాలుగు రోజులకోసారి వచ్చేది. ఆ నీళ్ళే తాగాలి, ఆ నీళ్ళతోనే వండాలి, అవే కాచి పోసుకోవాలి. అలాంటి నీళ్ళలో ఎవరైనా చెయ్యి ముంచితే ఇంటిల్లిపాదీ మీద పడిపోయేవాళ్ళు. చిన్నప్పుడు ఒకసారి ఆడుకుని వచ్చి కడవలో చెయ్యి ముంచినందుకు అవ్వ నా వీపు మీద వేసిన దెబ్బ ఇప్పటికీ గుర్తే. నీళ్ళు కాగాయా, చల్లారాయా అన్నది పాత్రను బయట నుంచి ముట్టుకునే తెలుసుకునేవాళ్ళం.

అవ్వంటే మా నాయనకు అమ్మ. నాకు ఆరేళ్ళప్పుడు అమ్మ పోయింది. అప్పటి నుంచి నన్ను సాకింది అవ్వే. మా వీధిలో ఎవరింట్లో బిడ్డ పుట్టినా మొదటి మూడు నెలలు నీళ్ళు పోసేది కూడా అవ్వే. చిన్న పీట మీద కూర్చుని రెండు కాళ్ళూ చాపి, బిడ్డను ఆ కాళ్ళ మీద పడుకోబెట్టుకుని పోసేది. ఇంటికొచ్చి పిలవడమే ఆమెకు పెద్ద మర్యాద. "ఈ ఈదిలో నా కాళ్ళ మింద పండుకోని మొగోడు యెవడుండాడో చెప్పండి సూద్దాం!" అని సర్పంచు ఎదుటే అనేది. ఆయన నవ్వి ఊరుకునేవాడు. ఏం చేస్తాడు మరి, ఆయనా పండుకున్నవాడే.

పసిబిడ్డకు పోసే నీళ్ళలో పచ్చినీళ్ళు కలపకూడదని అవ్వ పట్టు. కలిపితే పడిశం పడుతుందట, కడుపు ఉబ్బుతుందట. కలపడానికి వేరే నీళ్ళు మాత్రం ఎక్కడున్నాయి గనక! అందుకే కాగిన నీళ్ళను ఇత్తడితోనే చల్లార్చేది. ముందు రోజు సాయంత్రమే బిందె, పెద్ద గంగాళం, చెంబు మూడూ దొడ్లో బండ మీద బోర్లించి పెట్టేది. తెల్లారేసరికి అవి ముట్టుకుంటే జివ్వుమనేవి. రాగి అండాలో కాగిన నీళ్ళు ముందు బిందెలోకి, బిందెలోంచి గంగాళంలోకి పోసేది. ఆ గంగాళం ఒంటిచేత్తో ఎత్తలేనంత బరువు. కాసేపు ఆగి, దాని బయటి పక్కకు మోచేతి కింది భాగం ఆనించి పది లెక్కపెట్టేది. పది దాకా చెయ్యి తీయకుండా ఉండగలిగితే నీళ్ళు బిడ్డకు సరిపోయినట్టు. అప్పుడు చల్లటి చెంబుతో ముంచి పోసేది. అన్నేళ్ళలో ఆమె చేతిలో ఒక్క బిడ్డ వేడికి ఏడ్చిందని ఎవరూ అనగా వినలేదు.

ఇక నా సంగతి. నేను సైన్సు టీచర్ని, అందులోనూ భౌతికశాస్త్రం చెప్పేదాన్ని. తొంభైల చివర్లో ఉద్యోగం వచ్చింది. మా వీధిలో ఉద్యోగం చేసిన మొదటి ఆడపిల్లను నేనే. దాంతో కాస్త కొవ్వు పట్టిన మాట నిజమే, దాచుకోవడం దేనికి. ఇంట్లో ఏం జరిగినా దానికో సూత్రం చెప్పేదాన్ని. కుక్కరు కూత పెట్టినా పాఠమే, కడవ చెమర్చినా పాఠమే. నాయన మురిసిపోయేవాడు. అవ్వ మాత్రం "చెప్పు తల్లీ చెప్పు, నీ నోరు నొయ్యకుంటే నా చెవులు యేల నొస్తాయి" అనేది.

రెండువేల సంవత్సరం దాటిన ఒకట్రెండేళ్ళకు తొలికాన్పు కోసం పుట్టింటికి వచ్చాను. మా ఆయన గుంతకల్లులో రైల్వే ఉద్యోగి, సెలవు దొరికినప్పుడు వచ్చిపోయేవాడు. దీపావళి వెళ్ళిన వారానికి ఆడపిల్ల పుట్టింది. ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. శెనక్కాయ పంట చేతికి రాలేదు. పంట లేకపోతే పొయ్యిలోకి పొట్టు కూడా ఉండదు. నాయన పొద్దున్నే గొడ్డలి భుజాన వేసుకుని కంపచెట్లు కొట్టడానికి పోయేవాడు. తిరిగొచ్చేసరికి రెండు చేతుల నిండా ముళ్ళ గీతలే. నాకూ నా బిడ్డకూ నీళ్ళు కాచడానికే కదా ఆయనకు ఈ పాట్లు అని ప్రాణం ఉసూరుమనేది.

బాలింతరాలినై మంచం మీద ఉన్నానన్న మాటే గానీ, నా బుర్ర మాత్రం ఊరుకోలేదు. అంత కష్టపడి కాచిన నీళ్ళను తీసుకెళ్ళి చల్లటి ఇత్తడిలో పోయడమేమిటి, ఇదేం పద్ధతి?

"అవ్వా, నీ గంగాళం వేడంతా తాగేస్తాంది. నాయన తెచ్చిన కట్టెలు సగం ఆ ఇత్తడికే పోతాండాయి" అన్నాను ఒకరోజు.

అవ్వ బిడ్డ ఒంటికి ఆముదం రాస్తోంది. తల ఎత్తకుండానే, "తాగాల్నే గదా. తాగకుంటే యెట్ల?" అంది.

"యేల తాగాల? ప్లాస్టిక్ బకెట్ అయితే తాగదు. పోసిన నీళ్ళు పోసినట్టే ఉంటాయి. నాలుగు కట్టెలు తక్కువ పెట్టినా సాలు."

"నాకేం తెల్సు మే. సదువుకున్నదానివి, నువ్వు చెప్తే అట్లనే కానీ."

తాగకుంటే యెట్ల అని అవ్వ అడిగిన చోట నేను ఒక్క నిమిషం ఆగి ఉంటే ఇప్పుడిది రాయాల్సిన పనే ఉండేది కాదు. ఆగలేదు. మా ఆయనకు చెప్పి గుంతకల్లు నుంచి పెద్ద ఆకుపచ్చ ప్లాస్టిక్ బకెట్, దానికి తగ్గ మగ్గు తెప్పించాను. గంగాళాన్ని ఉలవలు పోసుకోవడానికి మూలగదిలోకి తోశాను. నాలుగు కట్టెలు తక్కువ పెట్టాలన్నానే గానీ, నీళ్ళు ఎంతవరకు కాగితే చాలు అన్నది నేను చెప్పలేదు, అవ్వ అడగలేదు.

మర్నాడు పొద్దున అవ్వ ఎప్పటిలాగే మంట పెట్టింది. చేతికి అలవాటైన లెక్కే, రోజూ పెట్టినన్ని కట్టెలే. అండాలోంచి నీళ్ళు నేరుగా బకెట్లోకి తోడింది. నేను చెవులకు గుడ్డ కట్టుకుని దొడ్డి గడపలో నిలబడి, నా కొత్త ఏర్పాటును చూసుకుని సంబరపడుతున్నాను. అవ్వ పీట మీద కూర్చుని కాళ్ళు చాపింది. ఇరవై రెండు రోజుల బిడ్డను కాళ్ళ మీద పడుకోబెట్టుకుంది. పక్కనున్న బకెట్టుకు మోచేతి కింది భాగం ఆనించింది.

"సల్లగుండాదే మే ఇది" అంది ఆశ్చర్యంగా.

"అదే అవ్వా ప్లాస్టిక్ గొప్ప! లోపలి వేడి బయటికి రానీదు" అన్నాను.

నా నోటితో నేనే అన్నాను. లోపలి వేడి బయటికి రాదని చెప్పిన నోరు, అందుకే బయట నుంచి ముట్టుకుని చూడొద్దని చెప్పలేదు. అవ్వ పది లెక్కపెట్టింది. మగ్గు ముంచింది. పోసింది.

బిడ్డ అరిచిన అరుపు బిడ్డ అరుపులా లేదు. ఏదో కోసుకుపోయినట్టు వచ్చి, మధ్యలో ఊపిరి ఆగిపోయి, నోరు మాత్రం తెరుచుకుని ఉండిపోయింది. అవ్వ బిడ్డను రెండు చేతులా పైకెత్తేసింది. ఎత్తే ఊపులో మోచెయ్యి తగిలి బకెట్ ఆమె కాళ్ళ మీదే బోర్లపడింది. అయినా అవ్వ బిడ్డను దించలేదు, తనూ కదల్లేదు, ఆ పొగల మధ్య అలాగే కూర్చుని బిడ్డను గాల్లో పట్టుకుని ఉంది. నేను పరిగెత్తి లాక్కున్నాను. బిడ్డ ఎడమ తొడ, దాని కింద పిర్ర, నా అరచేతి మేర ఎర్రగా పొంగుతున్నాయి.

కాలినచోట చన్నీళ్ళు పోయాలని తెలుసు, ఆ మాత్రం చదువు పనికొచ్చింది. వంటింట్లో తాగేనీళ్ళ కడవ లాక్కొచ్చి బిడ్డ మీద కుమ్మరించడం మొదలుపెట్టాను. అప్పుడే నాయన కట్టెల మోపుతో వచ్చాడు.

"ఓయ్, తాగే నీళ్ళు మే! ట్యాంకరు రేపు గానీ..." అని అరిచి, బిడ్డను చూసి మోపు అక్కడే విసిరేశాడు. తనే లోపలికి పోయి రెండో కడవ ఎత్తుకొచ్చాడు. ఇంట్లో ఒక్క చుక్క మిగలకుండా పోశాం.

అరుపులకు వీధిలో ఆడవాళ్ళంతా దొడ్డి గోడ దగ్గరికి వచ్చారు. వాళ్ళందరి ముందే నేను అవ్వ మీద విరుచుకుపడ్డాను.

"చెయ్యి పెట్టి సూడలేవా? ముసల్దానివైనావు, చెయ్యి సచ్చిపోయిందా నీకు? నా బిడ్డను చంపుతాంటివి గదే!"

"సల్లగనే ఉండె మే..." అంది అవ్వ. "పదీ లెక్కబెడితి... సల్లగనే ఉండె..."

"కండ్లు పోయినాయా? పొగ కనబడలేదా నీకు?" అని నాయన కూడా అందుకున్నాడు, కన్నతల్లి అని కూడా చూడకుండా.

చలికాలం పొద్దున పొగ రాని నీళ్ళెక్కడుంటాయి? మోస్తరు వేడి నీళ్ళకైనా అంత పొగా వస్తుంది. అది కూడా నాకు తెలిసిన సంగతే. అప్పుడు ఏ సంగతీ గుర్తురాలేదు.

జీపు మాట్లాడుకుని పెనుకొండ పోయాం. డాక్టరు చూసి, గాయం లోతుగా లేదు, వెంటనే చన్నీళ్ళు పోయడం మంచిదైంది, మూడు వారాల్లో మానుతుంది అన్నాడు. అవ్వను మేము జీపులో ఎక్కించుకోలేదు. నీకేమైనా తగిలిందా అని కూడా ఎవరం అడగలేదు. మూడో రోజు ఆమె నడక చూసి, పట్టుకుని కూర్చోబెట్టి చీర కుచ్చిళ్ళు పైకి లాగాను. లాగుతుంటే గుడ్డ చర్మాన్ని అంటుకుని వచ్చింది. రెండు కాళ్ళూ మోకాళ్ళ కింది నుంచి పాదాల దాకా బొబ్బలెక్కి, చితికి, చీము పట్టి ఉన్నాయి.

"యేల చెప్పలేదు అవ్వా?"

"నాకేంలే మే, యెండిపోయిన కట్టెలు. బిడ్డకు యెట్లుండాది?"

డాక్టరు బిడ్డకిచ్చిన మందే ఆమెకూ రాశాను. ఒక్క మంచి మాట చెప్పకుండా రాశాను. అప్పటికీ నాకు కోపం తగ్గలేదు. ఎంత సిగ్గుమాలిన కోపం అది!

ఆరోజు నేనన్న మాట వీధికి దొరికింది. ముసలామెకు చెయ్యి చచ్చిపోయిందట అని ఆ కొసా ఈ కొసా పాకింది. నా బిడ్డకు పక్కింటత్త వచ్చి పోయడం మొదలుపెట్టింది. తర్వాత వీధిలో ఇద్దరు పిల్లలు పుట్టారు. రెండిళ్ళలో ఎవరూ అవ్వను పిలవలేదు. పొద్దున్నే ఎక్కడో పసిబిడ్డ ఏడుపు వినబడితే చాలు, అవ్వ వీధరుగు మీంచి లేచి, కొంగు సర్దుకుని, ఒక నిమిషం నిలబడి మళ్ళీ కూర్చునేది. నాయన ఆమెతో అన్నం తిను, మందు వేసుకో అన్నంత వరకే మాట్లాడేవాడు.

ఒక మధ్యాహ్నం వంటింట్లో ఏదో మాడిన వాసన వస్తే వెళ్ళాను. పొయ్యి మీద పెనం ఉంది, రొట్టె లేదు. అవ్వ తన కుడి అరచెయ్యిని ఆ పెనానికి ఆనించి పెట్టి ఉంది. "ఒకటి, రెండు" అని లెక్కపెడుతోంది.

కేకపెట్టి చెయ్యి లాగేశాను. అరచేతి మధ్య తోలు కమిలి తెల్లబడింది.

"ఏం చేస్తాండావ్ అవ్వా? పిచ్చి గిన పట్టిందా?"

అవ్వ నా మొహంలోకి చూసింది. ఆమె మొహంలో నొప్పి లేదు, అయోమయం ఉంది. "తెలుస్తాంది మే. సుర్రుమంటాంది. రెండు అనే లోపలే తెలుస్తాంది. సచ్చిపోలేదు ఈ చెయ్యి. మరి ఆపొద్దు యేల తెల్లేదు?"

"వయసైపోయిందిలే అవ్వా" అన్నాను. ఛీ, అదొక మాట! ఆమె నమ్మింది. అప్పటి నుంచి అన్నం వార్చేటప్పుడు కూడా నన్నే పిలిచేది.

మూడు నెలల సెలవు అయిపోయి పుట్టింటి నుంచే మళ్ళీ బడికి వెళ్ళడం మొదలుపెట్టాను. బిడ్డకు మచ్చ తప్ప గాయం మానిపోయింది. తొమ్మిదో తరగతికి ఉష్ణం పాఠం నడుస్తోంది. వెళ్ళిన మొదటి వారమే వంటపాత్రల పిడికి ప్లాస్టిక్ ఎందుకు వేస్తారని నేనే పిల్లల్ని అడిగాను. కాలకుండా టీచర్ అని తరగతి మొత్తం అరిచింది. సెబాసు అన్నాను కూడా. తర్వాతి వారం రాగి కెలోరీమీటరు, అంటే వేడిని కొలిచే పాత్ర, బల్ల మీద పెట్టి, అందులో చన్నీళ్ళు పోసి, వేడినీళ్ళు కలిపి, థర్మామీటరు ముంచాను. బోర్డు మీద రాస్తూ పైకి చెబుతున్నాను, పిల్లలు రాసుకుంటున్నారు.

"వేడినీరు కోల్పోయిన ఉష్ణం, చన్నీరు గ్రహించిన ఉష్ణానికి, దానితో పాటు పాత్ర గ్రహించిన..."

అక్కడ నా నోరు ఆగిపోయింది. పాత్ర గ్రహించిన ఉష్ణం. పాత్రా నీళ్ళూ ఒకే వేడికి వచ్చేదాకా పాత్ర నీళ్ళ దగ్గర తీసుకుంటూనే ఉంటుంది, అదే ఉష్ణ సమతాస్థితి. ఏటా చెప్పే పాఠం, నిద్రలో లేపి అడిగినా చెప్పగలను. పాత్ర ఏమీ తీసుకోకపోతే ఆ వేడంతా ఎక్కడుంటుంది? నీళ్ళలోనే ఉంటుంది. అవ్వ బిందె, గంగాళం, చెంబు నీళ్ళను మోయడానికి కాదు, తాగడానికి. తాగకుంటే యెట్ల అని ఆమె అడిగింది ఇదే. పైగా ఇత్తడి బయటికి నిజం చెబుతుంది, లోపల ఎంత వేడో బయటా ఇంచుమించు అంతే. ప్లాస్టిక్ చెప్పదు. అవ్వ చెయ్యి ఆరోజు తప్పు చెప్పలేదు. బకెట్ నిజంగానే చల్లగా ఉంది.

చదవేస్తే ఉన్న మతి పోయిందని ఊరికే అన్నారా! పాఠం మధ్యలోనే ఆపి కుర్చీలో కూర్చుంటే పిల్లలు భయపడి నీళ్ళు తెచ్చారు.

ఆదివారం పొద్దున్నే, అవ్వ బిడ్డను ఎత్తుకుని పక్కింటికి పోయినప్పుడు, బడి నుంచి అడిగి తెచ్చుకున్న థర్మామీటరు తీశాను. గంగాళంలో ఉలవలు ఖాళీ చేసి ముందురోజే బిందె, చెంబులతో పాటు బండ మీద బోర్లించి ఉంచాను. చలి ఇంకా పూర్తిగా పోలేదు. అవ్వ పెట్టినన్ని కట్టెలే పెట్టి కాచాను. సగం నీళ్ళు అవ్వ దారిలో, సగం నా దారిలో పోశాను. ఆమె ఆగినంతసేపూ ఆగాను. ఇత్తడి చెంబులో నలభై మూడు డిగ్రీలు. ప్లాస్టిక్ మగ్గులో యాభై ఆరు. నమ్మలేక ఆ మగ్గులో వేలు పెట్టి అమ్మా అని లాక్కున్నాను. అదే వేలు బకెట్ బయటి పక్కకు ఆనించాను. పది కాదు, ఇరవై లెక్కపెట్టినా ఏమీ కాలేదు.

ఆ వెంటనే చెప్పి ఉంటే మనిషినే. చెప్పలేదు. తేలు కుట్టిన దొంగలా ఊరుకున్నాను. ఇవాళ చెబుదాం, రేపు చెబుదాం అనుకున్నాను. టీచరమ్మ సొంత బిడ్డను కాల్చుకుందని వీధంతా అంటుంది, మా అత్తగారింటి దాకా పోతుంది, నాయన తల ఎక్కడ పెట్టుకుంటాడు. ఇలా ఎన్ని సాకులైనా దొరికాయి. అసలు సంగతి ఒకటే. నాకు మొహం చెల్లలేదు.

పది రోజులు గడిచాయి. ఒక పొద్దున ఎదురింటి కోడలు ఆసుపత్రి నుంచి మగబిడ్డతో వచ్చింది. బిడ్డ ఏడుపు వినబడింది. అరుగు మీదున్న అవ్వ నా వైపు తిరిగి, చిన్నపిల్ల అడిగినట్టు అడిగింది.

"నన్ను పిలుస్తారంటావా మే?"

ఇక నావల్ల కాలేదు. ఆమె కాళ్ళ దగ్గర కూలబడి మొత్తం చెప్పేశాను. గంగాళం సంగతి, బకెట్ సంగతి, థర్మామీటరు సంగతి. ఏడుస్తూ చెప్పానేమో, సగం మాటలు నాకే వినబడలేదు.

అవ్వ తన కుడిచెయ్యి తిప్పి చూసుకుంది. "అయితే ఈ చెయ్యి మంచిదే."

"మంచిదే అవ్వా. తప్పు నాది."

"నీకు యెప్పుడు తెలిసె?"

అబద్ధం చెప్పాలనిపించింది. చెప్పలేకపోయాను. "పది దినాలాయె."

"పది దినాలా?" అంది అవ్వ. కాల్చింది నేనేనని చెప్పినప్పుడు ఆమె మొహం అంత మారలేదు. ఈ మాటకు మారింది. నన్ను ఎప్పుడూ చూడనట్టు చూసింది. తిడుతుందనుకున్నాను, కొడుతుందనుకున్నాను. కొట్టినా బాగుండేది.

"లెయ్" అంది. "ట్యాంకరొచ్చిండాది. ఆడ అందరూ ఉంటారు. ఆపొద్దు ఈదంతా ఇనేట్ల తిడితివి గదా, అంతే గట్టిగా చెప్పిరా పో."

వెళ్ళాను. కడవలు వరసలో పెట్టుకుని ఇరవై మంది ఆడవాళ్ళున్నారు. నాయన కూడా ఒక కడవ పట్టుకుని నిలబడి ఉన్నాడు. అందరి ముందూ చెప్పాను. మా అవ్వ చేతికి ఏమీ కాలేదని, బకెట్ నాదని, గంగాళం తీయించింది నేనని, నా బిడ్డను కాల్చింది నా చదువేనని. బడిలో చెప్పినంత గట్టిగానే చెప్పాను. వెనక నుంచి ఒకామె, "ఏమప్పా టీచరమ్మా, పిల్లోల్లకు చెప్పేది ఇదేనా?" అంది. కొందరు నవ్వారు. నవ్వనీ, నాకు తగిన శాస్తే. నాయన మాత్రం కడవ అక్కడే వదిలేసి ఇంటికి నడిచాడు. నేను వెళ్ళేసరికి తల్లి పక్కన అరుగు మీద కూర్చుని ఉన్నాడు. ఏం మాట్లాడుకున్నారో నేను అడగలేదు.

మర్నాడు పొద్దున ఎదురింటామె స్వయంగా వచ్చి, "అవ్వా, రా. బిడ్డకు నీళ్ళు పోద్దువు" అని పిలిచింది. అవ్వ ముందే తల దువ్వుకుని, ఉతికిన చీర కట్టుకుని సిద్ధంగా ఉంది. గంగాళం నేనే మోసుకెళ్ళాను. అన్నీ ఎప్పటిలాగే జరిగాయి. నీళ్ళు బిందెలోకి, గంగాళంలోకి పోశారు. అవ్వ పీట మీద కూర్చుని కాళ్ళు చాపింది. కాలిన మచ్చలు మీగాళ్ళ దాకా ఉన్నాయి. వాటి మీద బిడ్డను పడుకోబెట్టారు. గంగాళానికి మోచేతి కింది భాగం ఆనించి పది లెక్కపెట్టింది. చెంబు ముంచింది. ఎత్తింది.

ఎత్తిన చెంబు అక్కడే ఆగిపోయింది. చెయ్యి వణకడం మొదలుపెట్టింది. నీళ్ళు తొణికి బండ మీద పడుతున్నాయి. అవ్వ చెంబు దించి, మళ్ళీ ఎత్తి, మళ్ళీ దించింది.

"సరిగ్గానే ఉండాయి అవ్వా, పొయ్" అన్నాను.

"తెల్సు మే" అంది. "నాకు చెప్తివి, ఈదికి చెప్తివి. ఈ చేతికి యెవురు చెప్తారు?"

అందరూ నా వైపు చూశారు. నేను పీట పక్కన కూర్చుని చెంబు అందుకున్నాను. గంగాళానికి చెయ్యి ఆనించి, పది లెక్కపెట్టి, ముంచి పోశాను. బిడ్డ ఏడవలేదు, ఒళ్ళు విరుచుకున్నాడు. నేను చెంబు వంచిన ప్రతిసారీ అవ్వ మాత్రం కళ్ళు గట్టిగా మూసుకుంది.

ఆ తర్వాత ఆరేళ్ళు బతికింది అవ్వ. వీధిలో ఏ బిడ్డ పుట్టినా పిలిచారు. పిలిచిన ప్రతి ఇంటికీ వెళ్ళి కాళ్ళు చాపింది. చెంబు మాత్రం మళ్ళీ ఒక్కసారి కూడా ముట్టలేదు.